‘వస్తానండి’ అనే పోర్టు

నేను దెయ్యాలను నమ్మను. ఎవరైనా ఆ కబుర్లు మొదలెడితే టీ చల్లారిపోతోందని లేచి వెళ్ళిపోయే రకం. కాబట్టి నన్నూ నమ్మమని అడగను.

గుణదలలో ఒక చిన్న ఆసుపత్రికి నెట్‌వర్క్ పని చూస్తాను. ల్యాబ్‌లో బాగా పాత కంప్యూటర్ ఒకటుంది. అందులోని సాఫ్ట్‌వేర్ కొత్తవాటిలో నడవదు. వైరస్ దూరకుండా దాని పోర్టులు, అంటే వేరే కంప్యూటర్లు లోపలికొచ్చే దారులు, మూసేయమన్నారు. నల్ల తెర తెరిచి, ఒక్కో కమాండ్ టైపు చేసి అన్నీ మూశాను.

మర్నాడు ఒకటి తెరిచి ఉంది. తెరిచేటప్పుడు దానికో పేరు పెట్టాలి. ఇంగ్లిషు అక్షరాల్లో ‘వస్తానండి’ అని ఉంది.

ఎవరో ఆటపట్టిస్తున్నారని ఒళ్ళు మండింది. ల్యాబ్ చూసే సుజాత గారిని పిలిచాను. ఆవిడ చెల్లెలు కాన్పుకి అక్కడే చేరింది. తేలిగ్గా దొరకని గ్రూపు కావడంతో రక్తం ముందే తెప్పించి ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టారు. ఆ కంగారులోనే వచ్చి తెర వంక చూశారు.

“ఇది మరియదాసు గారి మాటండీ. డ్యూటీ దిగేటప్పుడు ఇలాగే అనేవారు. వెళ్తున్నానని ఏనాడూ అనలేదు.”

ఆ కంప్యూటర్‌ను అమర్చిన టెక్నీషియన్ ఆయనే. పోయినేడాది చనిపోయారు.

పాత సెట్టింగు తిరిగొచ్చి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. మళ్ళీ మూసి, పాస్‌వర్డ్ మార్చి, నెట్‌వర్క్ కేబుల్ పీకేశాను. కీబోర్డును బ్యాగులో వేసుకుని కంకిపాడులో మా ఇంటికి పట్టుకుపోయాను.

పొద్దున వచ్చి రెండూ తగిలించాను. పోర్టు తెరిచే ఉంది, అదే పేరుతో.

మూయబోతుంటే సిస్టర్ల గదిలో అలారం మోగింది. రక్తం ఉన్న ఫ్రిజ్ పాడై వేడెక్కుతోంది. ఆ ఫ్రిజ్‌కు వైరు ఈ పాత కంప్యూటర్ నుంచే వెళ్ళిందని, సిస్టర్ల కంప్యూటర్ ఈ పోర్టు గుండానే దాని సంగతి తెలుసుకుంటుందని మాకెవరికీ తెలియదు. మూసి ఉంటే అలారం మోగేదే కాదు.

సుజాత గారు పరుగెత్తి రక్తం సంచులను వేరే ఫ్రిజ్‌లోకి మార్చారు. ఆ మధ్యాహ్నమే వాటిని చెల్లెలికి ఎక్కించాల్సి వచ్చింది. తల్లీ బిడ్డా బతికారు.

రాత్రి ఎవరూ లాగిన్ అయిన ఆనవాలు లేదు. ఎన్నిసార్లు వెతికినా నాకు అంతు చిక్కలేదు. భయమేసింది, అందులో దాపరికం లేదు. ఆ పోర్టును సిస్టర్ల కంప్యూటర్ ఒక్కదానికే వదిలాను. పేరు మార్చలేదు.

సాయంత్రం బ్యాగు తగిలించుకుని, “ఇక వెళ్తానండి” అన్నాను. సుజాత గారు తలెత్తి నా వంక చూశారు.

“వస్తానండి” అని దిద్దుకున్నాను.