మెదడు చెవిలో దూది

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఆగస్టులో, నన్ను తెనాలి నుంచి రేపల్లె ఆసుపత్రికి డిప్యుటేషన్ మీద వేశారు. హోదా సివిల్ సర్జన్. పని మాత్రం బాపట్ల కంటి శిబిరానికి వెళ్లేవాళ్ల బీపీ చూసి 'ఫిట్' అని రాయడం. పై అంకె నూట అరవై దాటితే ఆపరేషన్ లేదు, ఇంటికి పంపాలి. నేను చదివింది ఫిజియాలజీ కాబట్టి పంపేముందు ఒక ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. వద్దన్నా ఇచ్చేవాణ్ని.

దానియేలు గారు రిటైరైన లెక్కల మాస్టారు. ఇరవై ఏళ్లుగా వాళ్ల చర్చిలో ఆదివారం బైబిలు వాక్యం చదివేది ఆయనే. శుక్లాలు ముదిరి అక్షరాలు ఆనక, కంఠతా వచ్చిందే చదువుతూ నెట్టుకొస్తున్నారు. చివరికి ఒక సమాధి దగ్గర పెళ్లి వాక్యం చదివేశారు. క్రిస్మస్‌లోగా కళ్లు బాగు చేయించుకోకపోతే ఆ పని ఆయన బావమరిదికి ఇచ్చేస్తామని పాస్టరు గారు తేల్చి చెప్పారు.

"నేను పోయినా పర్లేదండి, వాడు మాత్రం చదవకూడదు" అన్నారు మాస్టారు.

బీపీ చూస్తే నూట తొంభై. నేను గోడకు తగిలించిన మెడ, మెదడు బొమ్మ వైపు బెత్తం చాచి మొదలుపెట్టాను. మెడలోని రక్తనాళాల్లో ఒత్తిడిని కనిపెట్టే నాడులుంటాయి. ఒత్తిడి పెరిగితే అవి మెదడు అడుగున ఉండే బ్రెయిన్ స్టెమ్‌కు కబురు పంపుతాయి, అది గుండెను నెమ్మదింపజేస్తుంది. అక్కడే కబుర్ల నోరు నొక్కే గాబా అనే రసాయనం కూడా ఉంటుంది. బీపీ చాలాకాలం ఎక్కువగా ఉంటే ఆ నొక్కుడు బలపడుతుందని జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది. ఇక కబురు వస్తున్నా సరిగా వినపడదు. ఎక్కువ బీపీయే మామూలైపోతుంది.

మాస్టారి భార్య కాంతమ్మ గారు తలాడించారు. "రోజూ సాధించే అత్తగారుంటే కోడలు చెవిలో దూది పెట్టుకున్నట్టు. మా అత్తగారున్నన్నాళ్లూ నేను చేసింది అదేనండి."

పావుగంట చెప్పింది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసరికి నాకు ఒళ్లు మండింది. రోజుకొక మాత్ర రాసి నెల తర్వాత రమ్మన్నాను.

నెల తర్వాత శిబిరం రోజు పొద్దున్నే వచ్చారు. నూట పద్దెనిమిది! నా ఉపన్యాసం పనిచేసిందని పొంగిపోయాను. పెద్దవాళ్లకు కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడాలని పద్ధతి. ఆ సంబరంలో రెండోది మానేసి 'ఫిట్' రాసిచ్చాను. మాస్టారు అందుకోవడానికి లేచి, లేచినవారు లేచినట్టే నా మీద వాలారు. కుర్చీ విరిగింది. ఇద్దరం బల్ల కింద తేలాం.

కాళ్లు ఎత్తిపెట్టి పడుకోబెడితే తేరుకున్నారు. నెలంతా మాత్రల జోలికి పోలేదట. ఆ పొద్దున మాత్రం ఒకేసారి నాలుగు వేసుకున్నారట.

"పిల్లలంతా పరీక్ష ముందే కదండీ చదివేది" అన్నారు నీరసంగా.

ఎక్కువకు అలవాటుపడిన ఒంటికి ఒక్కసారిగా బీపీ దించితే కళ్లు తిరక్కేం చేస్తాయి? కాగితం చించేశాను. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నాకూ జాలేసింది గానీ ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు. సాయంత్రం దాకా ఉంచి పంపాను. అప్పటి నుంచి మాత్రలు కాంతమ్మ గారి కొంగున ఉండేవి, రోజుకొకటి బయటికి వచ్చేది. వారం వారం నిలబెట్టి కూడా చూశాను. డిసెంబరు శిబిరానికి నూట నలభై. ఆపరేషన్ అయింది. క్రిస్మస్ వాక్యం ఆయనే చదివారు.

జనవరిలో కొత్త కళ్లజోడుతో వచ్చి, నా గోడ వైపు తేరిపార చూశారు.

"సార్, ఏమీ అనుకోకండి. ఆ బొమ్మ తలకిందులుగా ఉందండి."

అవును. ఏడాది క్రితం సున్నం వేసినప్పుడు అలా తగిలించారట. నేను రోజూ దాని వైపే బెత్తం చాచేవాణ్ని, ఒక్కసారీ చూడలేదు.

ఏళ్ల తరబడి పెరిగిన బీపీని నెలల మీద దించాలి, నిలబెట్టి కూడా చూడాలి. నాకు తెలిసిందిదే. దూది ఒక్క రోగి మెదడులోనే ఉంటుందనుకోవడం నా పొరపాటు.