అవ్వ అడగమన్న ప్రశ్న

మొన్న బడి వదిలే వేళకు చేజర్ల నుంచి వచ్చిన ఒకాయన, "చెరువుకట్ట పేటలో అవ్వ పోయినాది అయ్యోరే" అని చెప్పాడు. నేను ఉదయగిరికి బదిలీ అయి వచ్చి నాలుగేళ్లయింది. అయినా ఆ మాటకు కుర్చీలో కూలబడ్డాను. ఆమె నాకు చుట్టం కాదు. అయినవాళ్లకు ఏడ్చినట్టే ఏడ్చాను.

అవ్వది చేపలు పట్టే కుటుంబం. మొదటి చేప ఏ ఇంట బాలింత ఉంటే ఆ ఇంటికి పోవాల్సిందే, ఆ తర్వాతే బేరం. "గట్టు మీద నిలబడితే లోతు తెలవదు" అనేది, ముఖ్యంగా నాలాంటి చదువుకున్నవాళ్ల మొహం చూసి.

నేను చేజర్లలో పనిచేసే రోజుల్లో, జనం ఆచారాల మీద పుస్తకం రాయాలని ఒక దొరసాని ఆ పేటకు వచ్చింది. ఆమెకు దుబాసీని నేను. పేటవాళ్లకు ఒక మర్యాద ఉంది, ఇంటికొచ్చిన మనిషి మాటను కాదనరు. ఏమడిగినా "అవునమ్మా" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పాను, ఆమె రాసుకుంది. ఒకరోజు పేట పెద్దను, "మీవాళ్లు దొంగతనాలు చేస్తారటగా?" అని అడిగింది. ఆయన చేతులు కట్టుకుని "అవునమ్మా" అన్నాడు. బుద్ధిలేనివాణ్ణి, అదీ చెప్పేశాను.

అంతకుముందు ఎవరో రాసిన అలాంటి రాతవల్లే ఆ పేట మగవాళ్లు పోలీసుస్టేషనుకు పోయి హాజరు పలకాల్సి వచ్చేది. పెద్దాయన మాట విని, వల బాగుచేసుకుంటున్న అవ్వ లేచి వచ్చి నా చెవిలో చెప్పింది.

"అయ్యోరే, నువ్వు ఆడమనిషివా అని మా బావని అడగమను."

దొరసాని అడిగింది. అవ్వకు బావ వరసయ్యే ఆ మీసాల పేట పెద్ద కాస్త తడబడ్డాడు.

"అవునమ్మా."

పేటంతా గొల్లుమంది. దొరసానీ నవ్వింది. కాసేపటికి నవ్వు ఆపి తన నోటుపుస్తకం వంక చూసుకుంది. నేను సిగ్గుతో తల దించుకున్నాను. అంత చదివిన ఇద్దరం నెలరోజుల్లో కనుక్కోలేనిది, అక్షరం రాని అవ్వ ఒక్క ప్రశ్నతో తేల్చేసింది. ఆమెను ఎరుగుదునని చెప్పుకోవడం నాకిప్పటికీ గర్వం.

అవ్వ వచ్చి దొరసాని పక్కన చతికిలబడింది.

"ఆ దొంగతనం మాట యాడుండాది? చూపించు."

దొరసాని చూపించి, దానిమీద పెన్సిలుతో గీత గీసింది. అవ్వ వంగి చూసింది.

"ఇంకా కనపడతా ఉండాది. మళ్లీ గియ్."

గీసింది.

"ఇంకా."

పెన్సిలు ముక్కు విరిగి, కాగితం చిరిగి, కిందున్న తెల్ల కాగితం కనిపించేదాకా అవ్వ అక్కణ్ణుంచి చూపు తిప్పలేదు.