నా ఎడమ కాలికి తూచి తెచ్చిన క్లచ్

మా మరిది పోయాడన్న సంగతి నాకు కొత్తపేట సిగ్నల్ దగ్గర, కారులో తెలిసింది. ముందు ఆర్టీసీ బస్సు, పక్కన మెట్రో స్తంభం, వెనక హారన్లు. వెనక సీట్లో అత్తమ్మ కళ్లు మూసుకుని ఒరిగి ఉంది. ఆమెను దిల్‌సుఖ్‌నగర్ దవాఖానకు డయాలిసిస్‌కు తీసుకుపోతున్నాను. మావారు ఫోన్ చేశారు.

"తమ్ముడు పోయిండు," అన్నారు. "ఆఫీసులనే గుండె ఆగిందంట. అమ్మ ఎన్కనే ఉందా?"

"ఊఁ."

"ఇప్పుడు చెప్పకు. చెప్తే బెడ్డు మీద పండుకోదు. పోయినసారి బీపీ పడిపోయి సగంలనే ఆపిన్రు. ఇయ్యాల గూడ కాకుంటే అమ్మ గూడ దక్కదు. అయిపోయినంక చెప్దాం. నేను తమ్ముని దగ్గరికి పోతున్న."

పచ్చలైటు పడింది. క్లచ్ వదిలీ వదలకముందే బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. అత్తమ్మ కళ్లు తెరిచింది.

"ఎవలు పిల్లా ఫోన్ల?"

"మీ పెద్దకొడుకే. యాడిదాంక ఒచ్చిన్రు అని."

దవాఖాన గేటు దగ్గర బండి మళ్లీ అలాగే కుదిపి ఆగిపోయింది.

ఆ బండి నా చేతిలో అలా ఆగకూడదు. ఆగకుండా ఉండాలనే మా మరిది వెతికి వెతికి దానికి ఆ క్లచ్ వేయించాడు. అతన్ని తలుచుకోవాలంటే నాకు అక్కణ్నుంచే మొదలవుతుంది.

ఎల్‌బీ నగర్‌లో మా ఇంటికి ఒకటే కారు, పాత పెట్రోలు బండి. రోజు విడిచి రోజు అందులో అత్తమ్మను దవాఖానకు తిప్పేది నేను. ఏడాదికి రెండు మూడుసార్లు చెన్నై దగ్గరి రేసు ట్రాక్‌కు తోలుకుపోయేది మరిది. పోటీలకు కాదు, రుసుము కట్టినవాళ్లను బండి తిప్పుకోనిచ్చే రోజులుంటాయి. అతనికి లోన్ల కంపెనీలో ఉద్యోగం, మా పై అంతస్తులో ఒక గది. పెళ్లి చేసుకోలేదు. "వీన్ని బండికిచ్చి లగ్గం చేసిన. కోడలు దినాం పెట్రోలు తాగుతది," అనేది అత్తమ్మ.

ఆమెకు కిడ్నీలు పాడైనప్పటినుంచి ఇంట్లో అందరం ఆ దవాఖానకు కట్టేసినట్టే ఉన్నాం. నేను మరీ. చుట్టాలింట్లో ఒక రాత్రి పడుకుని ఎన్నాళ్లయిందో గుర్తులేదు. ఆమె తాగే నీళ్లకు కూడా నా దగ్గర లెక్క ఉంటుంది. పొద్దున్నే ఆమెను తూకం మిషన్ మీద నిలబెట్టి బరువు క్యాలెండర్ మీద రాస్తాను. ఆ ఇంట్లోంచి నన్ను బయటకు తెచ్చేది కారొక్కటే. తెచ్చినా దవాఖానకే.

ఒకరోజు పాత క్లచ్ చేతులెత్తేసింది. ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. "సగం నీ సిగ్నళ్లు తిన్నయ్ వదినా, సగం నా ట్రాక్ తిన్నది. పంపకం బరాబర్," అన్నాడు మరిది. కంపెనీదే మళ్లీ వేయిస్తే ట్రాక్ మీద తొందరగా కాలిపోతుందట. బయట దొరికే రేసు క్లచ్, దాంతోపాటు తేలికైన ఫ్లైవీల్ వేయించాలని అతని కోరిక. ఫ్లైవీల్ అంటే ఏమిటని అడిగాను.

"ఇంజన్ ఎన్క తిరిగే ఇనుప చక్రం. ఇసుర్రాయి అనుకో. బరువుంటే ఊపు నిలుస్తది, జల్ది ఆగది. అల్కగుంటే జర్రున తిరుగుతది, జర్రున ఆగుతది. ట్రాక్ మీద మజా, సిగ్నల్ కాడ సజా."

అలాంటివి వేయించిన తన దోస్తు కారు తెచ్చి నన్ను నడపమన్నాడు. పెడల్ తొక్కాలంటే నడుము బిగబట్టాలి. వదిలితే ఒక్కసారిగా పట్టుకుంటుంది, మెల్లగా కదలడమన్నదే లేదు. మా గల్లీ దాటేలోపే ఎన్నిసార్లు ఆగిందో. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఎడమ మోకాలు వణికిపోయింది.

"నాతోని కాదు. ఆటోల తీస్కపోతా," అన్నాను. అన్నానే గానీ, డయాలిసిస్ అయ్యాక అత్తమ్మ ఆటోలో కూర్చోలేదని ఇద్దరికీ తెలుసు. కారు నడపలేకపోతే నాకున్న ఆ ఒక్క దారీ మూసుకుపోతుందనీ తెలుసు.

మర్నాడు పొద్దున అత్తమ్మ బరువు చూడటం అయ్యాక ఆ తూకం మిషన్ తీసుకుని గోడకు ఆనించి నిలబెట్టాడు. ఎదురుగా కారు సీటంత దూరంలో కుర్చీ వేశాడు.

"చెప్పులు ఇడిచి కూసో వదినా. నువ్వు నడిపేది అట్లనే గద. దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ అనుకోని తొక్కిపట్టు. నేను పచ్చలైటు అన్నదాంక ఇడువొద్దు."

మంచం మీది నుంచి అత్తమ్మ అంది: "నన్ను తూకమేసింది సాల్లేదారా? దాని కాలు గూడ జోకుతున్నవ్. కిలో ఎంతకిస్తవ్?"

"నీ కోడలి కాలు అమ్మకానికి లేదమ్మా," అంటూ అతను నేలమీద బోర్లా పడుకుని ముల్లు చూస్తున్నాడు. కాసేపటికి నా కాలు సడలింది. "గిక్కడిదాంకనే. దీనికి మించి గట్టిగుండే క్లచ్ మనింటికి రావద్దు," అన్నాడు. దోస్తు కారు పెడల్‌కూ తన కాలికీ మధ్య అదే మిషన్ పెట్టి తొక్కి చూశాడట. ముల్లు చాలా దూరం పోయిందట.

చివరికి తెచ్చింది మెల్లగా పట్టుకునే మామూలు రకం ప్లేటు, కంపెనీ దానికంటే కొంచెమే గట్టి స్ప్రింగు, కొంచెమే తేలికైన ఉక్కు ఫ్లైవీల్.

"మరి నీ ట్రాక్?" అన్నాను.

"మలుపు కాడ ఇద్దరు ముగ్గురు నన్ను దాటిపోతరు. పోనీ. వాళ్లేం మా అమ్మను దవాఖానకు తీస్కపోతలేరు గద."

కొత్త క్లచ్‌ను తెచ్చిన వెంటనే ట్రాక్ మీదికి తీసుకుపోకూడదట. కొన్ని వారాలు ఊళ్లో ఆగుతూ కదులుతూ నడిస్తేనే ప్లేటూ చక్రమూ ఒకదానికొకటి కుదురుకుంటాయి. ఆ పని నాకప్పగించాడు. ట్రాక్ నుంచి తిరిగొచ్చాక చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి, "వదినా, నువ్వు కుదిర్చిన క్లచ్ ఒక్కపారి గూడ జారలే," అన్నాడు. ట్రాఫిక్‌లో నేను గడిపిన గంటలు ఒకరికి పనికొచ్చాయని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

నా ఒక అలవాటు మాత్రం అతను మాన్పించలేకపోయాడు. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కిపట్టే ఉంటాను, ఏ క్షణాన కదలాల్సి వస్తుందోనని. పక్కన కూర్చున్న ప్రతిసారీ అనేవాడు: "ఇరుక్కున్నప్పుడు న్యూట్రల్ చెయ్యి వదినా, కాలు తియ్యి. ఇంజన్ ఆగదు, నీ కాలూ గుంజదు."

మరిది పోయిన ఆ రోజు డయాలిసిస్ పూర్తిగా అయింది. అన్ని గంటలూ అత్తమ్మ మంచం పక్కనే కూర్చున్నాను. బయటికి పోయి ఏడుద్దామంటే నా చెయ్యి ఆమె చేతిలో ఉంది. "చిన్నోడు ఇంకా ఫోన్ చేయలే," అంది ఒకసారి. ఆమె డయాలిసిస్‌కు ఎక్కిన ప్రతిసారీ అతను ఫోన్ చేసి, "ఏందమ్మా, సర్వీసింగ్ అయిందా?" అని అడిగేవాడు. "మీటింగుల ఉండొచ్చు," అన్నాను.

తిరిగి వస్తుంటే చైతన్యపురి దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. ముందుకూ లేదు, వెనక్కూ లేదు. క్లచ్ తొక్కిపట్టి కూర్చున్నాను. వెనకనుంచి అత్తమ్మ మెల్లగా అంది:

"పొద్దుగాల బండి రెండుపార్లు బందైంది. చిన్నోడు క్లచ్ ఏపిచ్చినంక నీ చేతిల ఒక్కనాడు బంద్ గాలే."

నేను అద్దంలోకి చూడలేదు.

"చిన్నోడేనా?"

"అత్తమ్మా..."

"చెప్పకు. ఇంటికి పోయినంక చెప్పు. నువ్వు బండి నడపాలె."

ఎడమ కాలు మోకాలి దాకా వణుకుతోంది. ఆపుదామన్నా ఆగడం లేదు. ముందున్న ఎర్రలైటు కళ్లలో నీళ్లకు పెద్దగా చెదిరిపోయి కనిపిస్తోంది. కాసేపటికి వెనక సీట్లోంచి ముసలి చెయ్యి వచ్చి నా భుజం మీద పడింది.

"న్యూట్రల్ చెయ్యి బిడ్డా," అంది. "కాలు తియ్యి."

గేరు తీశాను. కాలు తీశాను. కింద ఇంజన్ సన్నగా, ఆగకుండా తిరుగుతూనే ఉంది.