కార్డు చూపాకే చేయి వేసేవాడు

ఈ రోజు శుక్రవారం. మంగళవారం పొద్దున మా పక్కింటి అంబులెన్సు టెక్నీషియన్ గుండె ఆగి చనిపోయాడు. అతని కూతురి గురించి ముదిగుబ్బలో మా వీధిలో ఒక మాట తిరుగుతోంది కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. నాకు ఏడుపు ఇంకా రాలేదు. వచ్చాక రాయడం కుదరదు.

అందరూ అతన్ని డాక్టరనేవాళ్ళు. ప్రతిసారీ కాదని సరిదిద్దేవాడు. ఎవరి ఒంటి మీద చేయి వేయాలన్నా ముందు మెడలోని రిజిస్ట్రేషన్ కార్డు ఎత్తి చూపి, పేరు చెప్పేవాడు. స్పృహ లేని మనిషికైనా అంతే. ఒకసారి నేను మిద్దె మెట్ల మీద జారిపడితే అతని అంబులెన్సు బండే వచ్చింది. అప్పుడూ కార్డు తీశాడు.

“నీ మొగం నాకు తెలీదేమప్పా? పక్కింట్లోనే కదా ఉండేది!”

“మొగం చూసి కట్టు కట్టేదైతే గొర్రెలు కాసే ఆయన గూడా కడతాడు పెద్దమ్మా. నేను తప్పు చేస్తే ఈ నంబరు చెప్పి నన్ను అడగొచ్చు. చూడు.”

కళ్ళజోడు తెప్పించుకుని, నంబరు చదివాకే కాలు ముట్టనిచ్చాను.

“టీచరమ్మ బుద్ధి యాడికి పోతాది!” అని నవ్వాడు.

ఇంట్లో మందులు, సూదులు ఉంచేవాడు కాదు. తన పని బండిలోనే, అదీ ఫోన్లో డాక్టరు చెప్పాకే. జ్వరమని తలుపు కొట్టినవాళ్ళకు నీళ్ళిచ్చి, ఆసుపత్రికి పంపేవాడు. దాంతో కొందరికి కోపం ఉండేది. కూతురు కూడా అదే చదువు పూర్తిచేసింది. రిజిస్ట్రేషన్ ఇంకా రాలేదు. “నంబరు వచ్చేదాకా ఎవురికీ సూది వెయ్యాకు పాపా” అని గట్టిగా చెప్పేవాడు.

అతను వాకిట్లో కూలిపోయినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పాప బండికి ఫోన్ చేసి, రెండు చేతులతో నాయన రొమ్ము నొక్కుతూనే ఉంది. ఆ పని ఎవరైనా చేయవచ్చు. చుట్టూ నిలబడ్డవాళ్ళు చేయలేదు. మందుల అంగడాయన మాత్రం ఒక సూది పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

“వెయ్ పాపా! సదివినావు కదా! మీ నాయన పోతాండాడు!”

“ఏం మందో డాక్టరు చెప్పల్లన్నా. నేను వెయ్యను.” చేతులు ఆపలేదు.

బండి వచ్చింది. అతనితో పనిచేసే టెక్నీషియన్ మోకాళ్ళ మీద కూర్చుని, మూతపడ్డ ఆ కళ్ళ ముందు తన కార్డు పట్టి, పేరు చెప్పాడు. ఆ తర్వాత చేయవలసినవన్నీ చేశాడు. ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయింది.

పాప సూది వేసుంటే బతికేవాడని ఇప్పుడు అంటున్నారు. ఆ మందు పేరు చెప్పి ఆసుపత్రి డాక్టరును నేనే అడిగాను. అంగడాయన తెచ్చింది గ్యాసుకు వేసే సూది, దాంతో ఆగిన గుండె కొట్టుకోదన్నారు.

ఇక జరగవలసినవి:

1. ఆ మాట అన్నవాళ్ళు పాప ఎదుటికి వచ్చి, అది తప్పని చెప్పాలి.

2. నంబరు వచ్చేదాకా ఎవరూ ఆ ఇంటి తలుపు కొట్టి సూది అడగకూడదు. దరఖాస్తు సంగతి కనుక్కోవడానికి సోమవారం పాపతో నేను వెళ్తున్నాను.

3. అతని కార్డు ఆఫీసుకు తిరిగి ఇవ్వాలి. దాని మెడతాడు మాత్రం పాపకు ఉంచమన్నాను. ఉతికి దండెం మీద వేసింది. ఈ ఎండకు అది ఎప్పుడో ఆరిపోయింది. ఇంకా ఎవరూ తీయలేదు.