నాలుగిళ్ళు తిరిగే పిల్లాడు

బుడాన్ ఇంట్లో ఒక్క ముఖం కూడా ఉండేది కాదు. గోడమీద మక్కా మసీదు పటం ఒకటి, అరబ్బీ అక్షరాల పటం ఒకటి, అంతే. "మనిషి బొమ్మ ఉన్న ఇంట్లోకి దేవదూతలు అడుగు పెట్టరంట టీచరమ్మా" అనేవాడు. అలా చెప్పే మనిషి బతికింది మాత్రం ఊరికి ముఖాలు అమ్మి. అద్దంకిలో దర్శి బస్సులు ఆగే చోటుకి కాస్త అవతల రేకుల కొట్టు ఆయనది. వెంకటేశ్వరస్వామి, గొర్రెపిల్లను ఎత్తుకున్న ఏసుప్రభువు, మంచుకొండల కింద ఎర్రపెంకుల ఇల్లు, కొలనులో రెండు హంసలు, అన్నీ శివకాశి నుంచి కాగితం చుట్టలుగా వచ్చేవి. వాటికి వెనక అట్ట వేసి, అద్దం కోసి, ఫ్రేము బిగించి పటం కట్టి ఇచ్చేవాడు.

పత్తి, మిరప కాస్త కలిసొచ్చిన రోజులవి. జనం మట్టిగోడలు పడగొట్టి ఇటుకగోడలు లేపుకున్నారు. సున్నం వేశాక గోడ బోసిగా ఉంటుంది కదా. చేత్తో వేసిన బొమ్మ కొనే తాహతు మాలో ఎవరికుంది? బుడాన్ దగ్గరైతే ఇంటిల్లిపాదీ సినిమాకి పోయే ఖర్చుతో గోడ నిండేది. ఆయనలో ఒక పద్ధతి ఉంది. ఏ బొమ్మ కావాలని ముందు అడగడు. "ఏ గోడకమ్మా?" అంటాడు. ఎండ పడే గోడ అంటే ఎర్రరంగు బొమ్మ ఇవ్వడు, ఆరు నెలల్లో వెలిసిపోతుందని. పొయ్యి పక్క గోడ అంటే పటమే వద్దంటాడు. బేరం పోతే పోయిందనుకునేవాడు గానీ మాట మార్చేవాడు కాదు.

నేను ఆ ఊళ్ళో బడిపంతులమ్మని. పేరు రెబ్కా. నా నోరు మంచిది కాదు, ముందే ఒప్పుకుంటున్నాను. ఈ కథలో జరిగిన తప్పు కూడా ఆ నోటిదే.

ఎనభై మూడులో నేను మూడోసారి కడుపుతో ఉన్నాను. మొదటి రెండుసార్లూ నిలవలేదు. ఒకటి మూడో నెలలో పోయింది, రెండోది ఆరో నెలలో. ఐదో నెల రాగానే మా అత్తగారు కొండమ్మ మొదలుపెట్టింది. మంచం ఎదుట ముద్దొచ్చే బాబు బొమ్మ పెట్టుకోవాలట, పొద్దున్నే దాన్ని చూస్తే అలాంటి బిడ్డే పుడతాడట. మా వైపు కడుపుతో ఉన్న ఆడదాని ఇంట్లో ఆ బొమ్మ లేకపోవడం అరుదు. "పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని, నాకెందుకత్తయ్యా ఇవన్నీ" అని విసుక్కున్నాను. విసుక్కుంటూనే మర్నాడు బుడాన్ కొట్టుకి వెళ్ళాను. రెండు పోగొట్టుకున్నదానికి సైన్సేమిటి?

ఆ ఏడాది వచ్చిన బొమ్మ ఒకటే. నుదుటిమీద ఉంగరాల జుట్టు పడి, పసుప్పచ్చ తువ్వాలు మీద బోర్లా పడుకుని, చేతిలో ఎర్రబంతి పట్టుకుని నవ్వుతున్న బాబు. బుడాన్ నాకు అద్దం కోస్తుండగా అంకమ్మ వచ్చింది.

అంకమ్మది మా చర్చే. మిరపకాయలు కోయడానికి, తొడిమలు తీయడానికి కూలికి పోయేది. అంతకుముందు మార్చిలో, మిరప కల్లాల రోజుల్లో, ఆమె కొడుకు జక్రయ్య తట్టు పోసి చచ్చిపోయాడు. తాత పేరు పెట్టారు గానీ అందరం జక్రీ అనే పిలిచేవాళ్ళం. పదకొండో నెల వాడికి. ఏడాది నిండకుండా ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మావాళ్ళు తీయించరు. అంకమ్మ కూడా తీయించలేదు. ఏడాది నిండకుండానే వాడు పోయాడు. కాబట్టి వాడి ముఖం ఈ లోకంలో ఎక్కడా లేదు, అంకమ్మ కళ్ళల్లో తప్ప. అది కూడా చెదిరిపోతోందని చర్చి మెట్లమీద కూర్చుని నాతో చెప్పుకుంది. "కళ్ళు మూసుకుంటే జుట్టు కనపడతది, ముక్కు కనపడట్లేదు టీచరమ్మా. ఏం చేసేది?" అంది. పాతిపెట్టిన రోజున చుక్క కన్నీరు పెట్టని మనిషి, అప్పుడూ ఏడవలేదు.

చర్చిలో పెట్టడానికి ఏసుప్రభువు పటం తీసుకురమ్మని పాస్టరుగారు పంపితే వచ్చిందామె. వచ్చి, వేలాడుతున్న ఆ బాబు బొమ్మ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదుగో మా జక్రీ. నువ్వెప్పుడు తీశావు బుడానన్నా?" అంది.

నిజం చెప్పాలంటే ఆ బొమ్మకీ జక్రీకీ ఉంగరాల జుట్టు తప్ప పోలికే లేదు. వాడు నల్లనివాడు, చిన్న కళ్ళు. నోటిదాకా వచ్చిన మాట, నేనే మింగేశాను. బుడాన్ కూడా కాదనలేదు. ఇంకో కాగితం తీసి పటం కట్టాడు. పోయినవాళ్ళ పటాలకి కింద పేరు, తేదీ రాయడం ఆయనకి అలవాటు. కుంచె పట్టుకుని, "పేరు రాయమంటావా అంకమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"వద్దన్నా. రాస్తే పోయినోడైపోతాడు" అంది.

పటం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. డబ్బులు అడగాలని బుడాన్‌కి గుర్తే రాలేదు.

సంక్రాంతి దాటాక తొడిమల పని మొదలైంది. ఆడకూలీలు ఇంటింటి వసారాల్లో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తారు. అలా అంకమ్మ ఇళ్ళల్లోకి వెళ్ళింది. కడుపుతో ఉన్నవాళ్ళో బాలింతలో ఉన్న ప్రతి ఇంట్లోనూ గోడమీద అదే బాబు. దర్జీ ఉస్మాన్ ఇంట్లో కోడలు జమీలాకి ఎనిమిదో నెల. అంకమ్మ తలుపు దగ్గర నిలబడి గోడకేసి చూసి, "పిల్లోడు అన్నం తిన్నాడా అమ్మా?" అని అడిగిందట. జమీలా ఇంకా కననే లేదు. ఆ పిల్ల బెదిరిపోయి జ్వరం తెచ్చుకుంది. అక్కడితో ఆగిందా? షావుకారు ఇంట్లోనూ అదే మాట, మంగలి బుల్లయ్య ఇంట్లోనూ అదే మాట. చచ్చిన బిడ్డని వెతుక్కుంటూ వస్తోందని ఊళ్ళో పుకారు లేచింది.

ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. ఆయన, అంటే మావారు ప్రేమదాసు, మిల్లుకి వెళ్ళారు. అత్తగారు చర్చి నుంచి ఇంకా రాలేదు. నాకప్పుడు ఏడు నిండాయి. మంచంమీద ఒత్తిగిలి ఉన్నాను. చెప్పులు విడిచిన చప్పుడైంది. చూస్తే అంకమ్మ నా మంచానికీ గోడకీ మధ్య నిలబడి ఉంది. ఒంటినిండా మిరపకాయల ఘాటు. నన్ను చూడలేదు. పటాన్నే చూస్తోంది.

"పిల్లోడు తిన్నాడా అమ్మా?" అంది.

ఆమె కొంగు తీసి, పటం అద్దంమీద, సరిగ్గా ఆ బాబు మూతి దగ్గర తుడిచింది. తుడిచి నవ్వింది. అప్పుడు నా కడుపులో బిడ్డ కదలడం మానేసింది. నేను చేత్తో అదిమి చూసుకున్నాను. లేదు. చలనం లేదు.

"పో! బయటికి పో! మళ్ళీ నా గడప తొక్కావంటే ఊరుకోను!" అని అరిచాను. వీధంతా వినపడే అరుపు. ఆమె గాభరాగా చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రానికి బిడ్డ కదిలింది. కానీ నాకు నెమ్మది లేదు. ఆ పటం నన్నే చూస్తున్నట్టుండేది. మంచం తిప్పేశాను, అటూ చూసేది. పటాన్ని గోడకేసి తిప్పాను. వెనక అట్ట కనిపిస్తే ఇంకా భయమేసింది, లోపల వాడు ఊపిరాడక ఉన్నాడేమోనని. చదువుకున్నదాన్ని, నాకే ఇలా ఉంటే మిగతావాళ్ళ సంగతేంటి? మావారు నవ్వితే ఆయనమీదా విరుచుకుపడ్డాను.

మర్నాడు బుడాన్ కొట్టుకి వెళ్ళి కడిగిపారేశాను. "ఒకే పిల్లాణ్ణి ఊరంతా అమ్ముకున్నావు గదయ్యా. ఆ అమ్మ ఏ ఇంటికెళ్ళినా పోయిన కొడుకే కనపడుతుంటే దానికి పిచ్చెక్కదా? మాకు పురిట్లో ప్రాణాలు పోవా? ఎన్ని ఇచ్చావో అన్నీ వెనక్కి తెచ్చుకో!"

బుడాన్ అద్దం కోసే కలం కింద పెట్టాడు. "నిజమే టీచరమ్మా. పోయిన బిడ్డని ఇంటింటా చూసుకుంటా ఆ తల్లి ఎట్టా బతుకుద్ది? నా బుర్రకి తట్టలేదు" అన్నాడు.

మరుసటి రోజు నుంచి కొట్టు మూసి సైకిలెక్కాడు. బాబు పటం తీసుకుని, బదులుగా హంసల పటం ఇచ్చేవాడు. ఉచితంగానే. అద్దంకి, చుట్టుపక్కల పల్లెలు, ఎక్కడెక్కడ అమ్మాడో ఆయనకి ఇల్లిల్లూ, గోడ గోడా గుర్తే. ఇరవై రోజులు తిరిగాడు. చివరిది మాది. నా చేతులతో నేనే మేకు నుంచి తీసి ఇచ్చాను. ఇచ్చాక హాయిగా నిద్రపోయాను కూడా. ఆ నిద్ర తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాలుగు రోజులకి అంకమ్మ వచ్చింది. గడప తొక్కలేదు, వీధిలోనే నిలబడింది. తలుపులోంచి గోడ కనిపిస్తోంది. హంసలు.

"మీ ఇంట్లోనూ లేడా అమ్మా?" అంది.

నేను మంచిగానే చెప్పాలనుకున్నాను. "అంకమ్మా, నీ మంచికోసమే తీయించాం. ఎక్కడ చూసినా వాడే అయితే నువ్వు కోలుకునేదెట్లా? నీ ఇంట్లో పటం నీకుందిగా, చూసుకో" అన్నాను.

"ఇంట్లోవాడు కదలడు తల్లీ" అంది. "గోడకి అట్టా ఉంటాడు, పోయినోడు ఉన్నట్టే. ఈదిలోకొస్తే ఒక ఇంట్లో కనపడేవోడు, ఇంకో ఇంట్లో కనపడేవోడు. ఆడుకుంటున్నాడులే అనుకునేదాన్ని. పిల్లోడన్నాక నాలుగిళ్ళు తిరగడా? తిన్నాడో లేదో కనుక్కుని నా పనికి నేను పోయేదాన్ని." హంసల పటంకేసి ఇంకోసారి చూసింది. మళ్ళీ అంది, "ఇప్పుడు ఏ ఇంట్లోనూ లేడు. అన్నీ చూసొచ్చా. ఇప్పుడు పోయాడమ్మా వాడు."

అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. పాతిపెట్టిన రోజున రాని ఏడుపు. వీధిలో జనం తలుపులు వేసుకున్నారు. నేను వెళ్ళి పట్టుకోవాలి. వెళ్ళలేదు. నా కడుపుమీద చేతులు పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. ఛీ, ఏం మనిషిని నేను?

సంగతి విన్న బుడాన్ తల పట్టుకున్నాడు. పటాలన్నీ సైకిలుకి కట్టుకుని మళ్ళీ ఇంటింటికీ పోయాడు. ఎవరు తీసుకుంటారు? అది చచ్చిన పిల్లాడి బొమ్మ అని ఊరంతా తెలిసిపోయింది. తలుపు కూడా తీయలేదు. చివరికి అన్నిటినీ కొట్లో ఒకే గోడకి తగిలించి అంకమ్మని పిలిచాడట. ఆమె లోపలికొచ్చి, గోడ నిండా ఉన్న కొడుకుల్ని చూసి బెదిరిపోయింది. "ఇంతమంది ఎవరన్నా? నాకు ఒక్కడేగా" అని వెనుదిరిగి చూడకుండా వెళ్ళిపోయిందట. ఆ తరవాత ఆమె మా వీధికి రావడమే మానేసింది. బుడాన్ ఇక ఎన్నడూ పిల్లల బొమ్మ అమ్మలేదు.

మార్చి చివర నాకు ఆడపిల్ల పుట్టింది. ఆ బొమ్మ పోలికలు ఒక్కటీ లేవు, అచ్చు మా అత్తగారే. మూడో నెల వచ్చాక పిల్ల రెక్కకి తాయెత్తు కడతానని బుడాన్ భార్య కరీమున్ కబురు పెడితే వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడిపోయాను. మక్కా పటానికి ఎదురుగా, వీధికి కనపడే గోడకి, ఆ బాబు పటం.

"ఇదేంటి బుడాన్? మీ ఇంట్లో మనిషి బొమ్మ?"

ఆయన నా వైపు చూడలేదు. "పిల్లోడన్నాక నాలుగిళ్ళు తిరగాలంది గదా టీచరమ్మా. ఊళ్ళో ఎవరూ రానియ్యకపోతే వాడెక్కడికి పోతాడు? అందుకని మా ఇల్లు ఒకటి. పైవాడు అడిగితే నేనే చెప్పుకుంటాలే."

"ఇంకా నాలుగిళ్ళకి మూడు తక్కువే" అంది కరీమున్, నా పిల్ల చేతికి తాయెత్తు కడుతూ. ఎవరినీ ఉద్దేశించి అన్నట్టు లేదు. కానీ నాకు తగలాల్సినచోటే తగిలింది.

"మాది నాకిచ్చెయ్యి" అన్నాను.

ఆయన లేచి లోపలికెళ్ళి చుట్టిపెట్టిన గుడ్డ విప్పాడు. వెనక అట్టమీద నా పేరు రాసుకున్నాడు, మిగతావాటిలో కలిసిపోకుండా. ఇచ్చేముందు అలవాటు ప్రకారం అడిగాడు. "ఏ గోడకమ్మా?"

"వీధిలోంచి కనపడే గోడకి" అన్నాను.

వారం రోజులు తలుపులు బార్లా తీసి పెట్టాను. పత్తి విత్తనాల రోజులు, కూలీలు మా వీధినే పొలాలకి పోతారు. ఎనిమిదోనాడు పొద్దున వాళ్ళ వెనకాల అంకమ్మ తల వంచుకుని పోతోంది. పిలవడానికి నోరు రాలేదు. ఈ నోరే, చూడండి. మా పిల్ల ఏడుపు అందుకుంది. ఆ ఏడుపుకి అంకమ్మ తలెత్తింది. తలుపులోంచి గోడ కనిపించింది.

కూలీలని పోనిచ్చి మా గడప దాకా వచ్చింది. తరవాత గడప అవతల నుంచే, నేను మళ్ళీ అరుస్తానేమోనని భయపడుతూ అడిగింది.

"పిల్లోడు తిన్నాడా అమ్మా?"

"తిన్నాడు అంకమ్మా" అన్నాను. "ఇప్పుడే పాపతోపాటు తిన్నాడు."

"మరి మూతి తుడవలేదేందమ్మా" అంటూ చెప్పులు విడిచి లోపలికొచ్చింది.