జీపుకి పెట్టిన కొత్త పిండి

ఈ ఉదయం వాకిలి ఊడుస్తుంటే జీపు కింద మట్టిలో మళ్లీ నల్లటి మరక కనిపించింది. చీపురు మూల పెట్టి వచ్చేసరికి మా ఆయన వంటింటి గడప దగ్గర నిలబడి, నేలకేసి చూస్తూ, "గుప్పెడు పిండి ఇయ్యి" అన్నాడు. వెంటనే, "పాతదే" అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ జలదరించింది. మా ఇంట్లో జీపు దగ్గరికి పిండి వెళ్లిందంటే నాకు ముందు గుర్తొచ్చేది నెత్తురే.

ఆ జీపు మా ఆయనా, మా అన్నా కలిసి కొన్నది. పెదబయలు సంతకి మనుషుల్నీ, కాఫీ మూటల్నీ, మేకల్నీ ఒకేలా కుక్కి తీసుకెళ్లేవారు. కొన్ననాటికే అది ముసలిది. సాయంత్రం నిలబెడితే తెల్లారేసరికి కింద పెట్టిన గిన్నెలో ఇంత ఆయిలు కార్చేది. మా ఆయనకి తెలిసిన వైద్యం ఒక్కటే, బిగించడం. కింద కారుతోంది కాబట్టి కింది బోల్టులే బిగించేవాడు, పళ్లు కొరుకుతూ, బూతులు తిడుతూ. అవి మాట వినకపోతే సుత్తి తీసేవాడు. కోపమొస్తే ఆయనకి జీపుకీ, ఎద్దుకీ, మనిషికీ తేడా తెలిసేది కాదు. నా వీపుకి ఆ సంగతి బాగా తెలుసు. మా అన్నది వేరే దారి. కారడం పైనెక్కడో మొదలై కిందికి జారుతుందనేవాడు. ఇంజనంతా కిరసనాయిలుతో కడిగి, ఆరాక పిండి చల్లి స్టార్టు చేస్తే, ముందు ఎక్కడ తడుస్తుందో అక్కడే జబ్బు అని వాదించేవాడు.

ఒక కొత్తల పండగ ముందురోజు అన్నంత పనీ చేశాడు. మా కొండల్లో కొత్త పంట ఏదైనా ఊరి దేవతకి పెట్టకుండా ఎవరూ ముట్టరు. ముడితే పంటకో, ఇంట్లో మనిషికో కీడని భయం. అంతకు ముందటేడు మా పోడు చేను అడవిపందుల పాలైంది. ఎవరో తొందరపడి కొత్త తినేశారని మా ఆయన గట్టిగా నమ్మాడు. అందుకే ఈసారి దేవతకని కొత్త సామలు తిరగలిలో విసిరి, ఆ పిండి చాటలో పోసి, గుడ్డ కప్పి ఉంచాను. నేను ఊట దగ్గరికి నీళ్లకి వెళ్లినప్పుడు మా అన్న వంటింట్లోకి వచ్చాడు. పాత పిండి డబ్బా వెతికే ఓపిక లేక, కంటికి కనిపించిన ఆ చాట పట్టుకుపోయాడు.

నేను బిందెతో తిరిగొచ్చేసరికి ఇంజను తిరుగుతోంది, దాని మీద తెల్లగా పిండి. అప్పుడే సంత నుంచి నడిచి వచ్చిన మా ఆయన పక్కనున్న చాటకేసీ, ఇంజనుకేసీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఏటి సేసినావు బావా? అమ్మోరికి పెట్టకుండా దీనికి పెట్టీసినావా?"

"కొత్తదని నాకు తెలీదు బావా. ముందిటు సూడు, పైనుంచే..."

మాట పూర్తి కాలేదు. మా ఆయన చేతికందిన, చక్రాలు విప్పే పెద్ద స్పానరు మా అన్న కంటి మీద పడింది. పచ్చి వెదురు విరిగినట్టు చప్పుడైంది. మా అన్న బంపరు మీద పడి, లేచి, జాకీ రాడ్డు అందుకుని మా ఆయన పక్కటెముకల మీద కొట్టాడు. ఒకరి గొంతు ఒకరు పట్టుకుని నేల మీద దొర్లారు. పిండి మీద నెత్తురు చిందింది. "సంపేత్తాను" అని ఇద్దరూ అరిచారు. మా ఆయన పైకొచ్చి మళ్లీ స్పానరు ఎత్తాడు. ఈసారి దిగితే మా అన్న బతకడు. జీపు కింది గిన్నెలోని నల్ల ఆయిలంతా మా ఆయన చేతుల మీద కుమ్మరించాను. స్పానరు జారిపోయింది. లేవబోయి ఒకరు, లాగబోయి ఒకరు జారి పడ్డారు. చంపుకోబోయినవాళ్లు నిలబడడానికి ఒకరినొకరు పట్టుకోవలసి వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు నా అరుపులకి ఊరంతా వచ్చింది.

ఆసుపత్రికి వెళ్లాలంటే ఆ జీపే గతి. వెనక సీట్లో మా అన్న తల నా ఒళ్లో పెట్టుకున్నాను. నా చీరంతా నెత్తురే. మలుపు మలుపుకీ ఆగి ఆయిలు పోస్తూ, ఏడుస్తూ మా ఆయన నడిపాడు. మా అన్న మగతలోనూ ఊరుకోలేదు. "ఇంజను మీద మూత కిందే బావా. నాను సూసినాను. గేస్కెట్టు మార్చు. ఎక్కువ బిగించకు, నలిగిపోద్ది" అని గొణుగుతూనే ఉన్నాడు. ప్రాణం దక్కింది, ఆ కంటికి చూపు దక్కలేదు. ఆ కన్ను చివరగా చూసింది ఆయిలు కారే చోటునే.

కంటి కట్టు విప్పకముందే మా ఆయన ఆ మూత కింద పరిచే కొత్త గేస్కెట్టు పట్టీ తెచ్చి, మా అన్నని పక్కన కూర్చోబెట్టుకుని, అతను చెప్పినట్టే బోల్టులు కొంచెం కొంచెంగా బిగించాడు. కారడం ఆగింది. ఆ తర్వాత ఆయన ఎవరి మీదా చెయ్యెత్తలేదు, నా మీద కూడా. మా అన్న ఇప్పటికీ కొత్తల పండగకి వస్తాడు. దేవతకి పెట్టాక మొదటి ముద్ద మా ఆయన అతని విస్తట్లోనే పెడతాడు. ఆ రోజు సంగతి ఇద్దరూ ఎత్తరు.

ఈ ఉదయం పాత పిండి ఇచ్చాక నేను వంటింట్లోకి వెళ్లలేదు. ఆయన స్పానరు కింద పెట్టేదాకా పక్కనే నిలబడ్డాను.

"ఏటలా సూత్తన్నావు?" అన్నాడు.

"ఏటీ లేదు. బేగి కానియ్యి" అన్నాను.

ఆయన బోల్టు కొంచెం కొంచెంగా బిగించాడు. కాలం ఆయన కోపాన్ని అరగదీసింది, నా భయం దగ్గరికి మాత్రం ఇంకా రాలేదు.