బావ చేతి గురించి నేనన్న మాట

ఆసుపత్రిలో నేను వార్డు అటెండరుగా పనిచేశాను. స్ట్రెచర్ తోయడం, రోగిని రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పడం, స్కాన్‌కి తీసుకెళ్ళి తిరిగి తేవడం నా పనులు. పక్షవాతం వచ్చినవాళ్ళను ఏళ్ళ తరబడి చూసీ చూసీ నాకొక లెక్క ఏర్పడింది. వారం లోపల చేతివేళ్ళు కదిలితే ఆ చెయ్యి వస్తుంది, కదలకపోతే రాదు. ఈ లెక్క ఎవరో నేర్పింది కాదు, నేనే కనిపెట్టింది. అందుకే దానిమీద నాకంత మురిపెం.

మా వాళ్ళంతా శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో చేపల వేట మీద బతుకుతున్నవాళ్ళు. వాళ్ళకు డాక్టరు మాటకన్నా నా మాట తేలిగ్గా అర్థమయ్యేది. డాక్టరు ‘చూద్దాం’ అంటాడు. నేను అవునో కాదో తేల్చేవాణ్ణి. వరండాలో నా చెయ్యి పట్టుకుని, “భయ్యా, నిజం సెప్పు, మావోడు లేస్తాడా?” అని అడిగేవారు. నేను కాసేపు ఆలోచిస్తున్నట్టు నిలబడి అప్పుడు చెప్పేవాణ్ణి. ఆ నిలబడటం నాకు ఇష్టంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మా బావకు, అంటే నేను అప్ప అని పిలిచే మా అక్క మొగుడికి, పక్షవాతం వచ్చింది ఒక పొద్దున. వేట నుంచి వచ్చి ఒడ్డున చేపలు వేరుచేస్తున్నాడట. చేతిలోని చేప జారి పడింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ పడింది. “ఇది సచ్చినా నా మాట ఇనదు” అని నవ్వబోతే మూతి ఒక పక్కకే వెళ్ళిందట. పక్కవాళ్ళు నీడన కూర్చోబెట్టి, టీ తాగించబోయి, అది ఒలికిపోయాక గానీ ఆటో ఎక్కించలేదు. ఆసుపత్రికి వచ్చేసరికి కుడి పక్కంతా పడిపోయింది. మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందని స్కాన్ చూసి డాక్టరు చెప్పాడు. ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ సంగతి మేం అప్పటికి వినలేదు. రక్తం పల్చబడే మాత్రలు, బీపీకి మందులు, ఆపైన సేవ. అంతే వైద్యం.

సేవలో మాత్రం నేను లోటు చెయ్యలేదు. నా డ్యూటీ అయిపోయినా మంచం పక్కనే ఉన్నాను. నిటారుగా కూర్చోబెట్టి చెంచాతో నీళ్ళు పట్టేవాణ్ణి. గడ్డం గీసేవాణ్ణి. మాట ముద్దగా వస్తున్నా బావ ఊరుకునేవాడు కాదు.

“ఏటి డాక్టరుగారూ, ఆడపిల్లనిచ్చినోళ్ళు అల్లుడికి గడ్డం కూడా గీత్తారా?”

“కదలకు, కోసుకుపోద్ది” అనేవాణ్ణి.

“కొయ్యి. ఆ పక్క నాకేటీ తెలీదు.”

ఎనిమిదో రోజుకు కాలు కొంచెం కదిలింది. వేళ్ళు కదల్లేదు. డాక్టరు అప్పతో చెప్పాడు: ఇప్పుడే ఏమీ చెప్పలేమమ్మా, నెలలు పడుతుంది, కసరత్తు మానొద్దు, వచ్చినా రాకపోయినా ఆ చేత్తోనే పనులు చేయించండి. ఆయన హిందీలో గబగబా చెప్పి వెళ్ళిపోయాడు. అప్ప నా వైపు తిరిగింది.

“ఆయనేటన్నాడో సరే, నువ్వు సెప్పు. సెయ్యొస్తాదా?”

నేను ఎప్పట్లాగే కాసేపు నిలబడ్డాను. “నడుస్తాడప్పా. చెయ్యి మీద మాత్రం ఆశ పెట్టుకోకు.”

“కసరత్తు సెయ్యమన్నాడు గదా?”

“అందరికీ అలాగే చెప్తారు.”

అప్ప కొంగుతో ముఖం తుడుచుకుని సరేనంది. అంతకుమించి ఏమీ అడగలేదు. తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడు, వాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అనుకుంది.

నెలన్నరకు బావ కర్ర పట్టుకుని నడిచాడు. “తమ్ముడు సెప్పినట్టే అయింది” అని అప్ప వీధిలో అందరికీ చెప్పుకుంది. చేతి విషయంలోనూ నేను చెప్పినట్టే జరిగింది. జరిగేలా చూశారు. పాత చీర ముక్కతో చేతిని మెడకు కట్టేశారు. అప్ప అన్నం కలిపి ముద్దలు పెట్టేది. చొక్కా తొడగడం, తల దువ్వడం అన్నీ తనే. చెయ్యి రాని మనిషికి డింగీ పడవ ఎందుకని దాన్ని కూడా అమ్మేశారు. ఆ రోజు బావ ఒడ్డుకు వెళ్ళలేదు. ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాటికి మళ్ళీ మామూలే. మెడకు వేలాడే చేతికి ‘కొత్తల్లుడు’ అని పేరు పెట్టాడు. “మా కొత్తల్లుడికి నూనె రాయండే. మా అల్లుడికి దిండు పెట్టండే. ఏ పనీ సెప్పకండి, అలిగిపోతాడు.” ఇంటికి వచ్చినవాళ్ళంతా నవ్వేవారు. నేనూ నవ్వాను.

అయిదు నెలలు గడిచాయి. మా ఆవిడ వాళ్ళ చెల్లెలు వస్తుంటే తీసుకురావడానికి ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్ళాను. మాయాబందర్ వైపు నుంచి వచ్చిన బోటు దిగుతున్న జనంలో ఒక ముసలాయన నన్ను చూసి ఆగిపోయాడు. “భయ్యా! పహచానా నహీ?” అన్నాడు. నేను గుర్తుపట్టలేదు. రెండేళ్ళ కింద మా వార్డులో ఉన్న బెంగాలీ రైతునని తనే చెప్పాడు. అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ళబ్బాయి వరండాలో నా చెయ్యి పట్టుకుని అడిగాడు. ఈ చెయ్యి రాదని చెప్పాను.

ఆ చేత్తోనే ఆయన వక్కల సంచి పట్టుకుని ఉన్నాడు. దాన్ని కింద పెట్టి, నెమ్మదిగా ఆ చెయ్యే ముందుకు చాపాడు. నా వేళ్ళు పట్టుకుని నొక్కాడు. వంకరగానే ఉంది గానీ పట్టు గట్టిగా ఉంది. ఎలా వచ్చిందని హిందీలో అడిగాను. వాళ్ళావిడ మంచి చేతిని తువ్వాలుతో కట్టేసేదట. తింటే ఈ చేత్తో తిను, లేకపోతే పస్తుండు అనేదట. “బహుత్ రోయా మై” అని నవ్వాడు. చాలా ఏడ్చాడట. ఎనిమిది నెలలకు ముద్ద నోటిదాకా వచ్చిందట.

ఆయన వెళ్ళిపోయాక నేను జెట్టీ మీదే నిలబడిపోయాను. మా వార్డు నుంచి వెళ్ళినవాళ్ళు ఎవరి దీవికి వాళ్ళు బోటెక్కి పోతారు. బాగుపడినవాడు నాకు చేతులు చూపించడానికి మళ్ళీ సముద్రం దాటి ఎందుకు వస్తాడు? నేను చూసిందల్లా వార్డు గేటు దాకానే. గేటు అవతల ఎవరికి ఏ వేలు కదిలిందో ఒక్కసారి కూడా కనుక్కోలేదు. అయినా ఇన్నేళ్ళు అందరికీ తీర్పు చెప్పాను. ఎంతమంది నా మాట విని చేతులు మెడకు కట్టుకున్నారో!

మరదల్ని ఇంటి దగ్గర దింపి నేరుగా అప్ప ఇంటికి వెళ్ళాను. అప్ప బావకు అన్నం పెడుతోంది. గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను. ముసలాయన సంగతి, నా లెక్క సంగతి, డాక్టరు చెప్పినదాన్ని నేను కొట్టిపారేసిన సంగతి.

అప్ప చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

“తెలీదని సెప్పొచ్చు గదరా” అంది. గొంతు పెంచలేదు. “తెలీదంటే నీ ఉజ్జోగం పోతాదా?”

బావే అందుకున్నాడు.

“అంటే ఇన్నాళ్ళూ మా కొత్తల్లుణ్ణి కూకోబెట్టి మేపింది నువ్వన్నమాట. అరే యార్, ఆణ్ణి పన్లోకి పంపుదుం గదా!”

అప్ప నవ్వలేదు. ముద్దను కంచంలో పడేసి, కంచాన్ని బావ ఒళ్ళోకి నెట్టి లోపలికి వెళ్ళింది. లోపలి నుంచే అంది: “రేపట్నించి పొద్దున్నే ఒచ్చి నువ్వే సేయించు. ఒక్కరోజు మానేస్తే ఈ గడప తొక్కకు.”

మర్నాడు మా ఆసుపత్రిలో కసరత్తు చేయించే మేడమ్ దగ్గరికి అందరితోపాటు వరసలో నిలబడ్డాను. ఆలస్యం చేశారంటూ గట్టిగానే తిట్టింది. అయినా అన్నీ చూపించింది. ఆ తర్వాత రోజూ డ్యూటీకి ముందు అప్ప ఇంటికి వెళ్ళేవాణ్ణి. బావ తడి తువ్వాలు పిండాలి, పళ్ళెంలోని శనగలు ఒక్కొక్కటే తీసి గిన్నెలో వెయ్యాలి, రొయ్యలు ఒలవాలి. పది రొయ్యలు ఒలవడానికి గంట పట్టేది. నన్నూ, మా నాన్ననూ, అండమాన్‌కి మమ్మల్ని మోసుకొచ్చిన ఓడనూ కలిపి తిట్టేవాడు. తిడుతూనే ఒలిచేవాడు. అప్ప పొయ్యి దగ్గర నుంచి, “ఆ తలకాయ సరిగ్గా తియ్యి, తినేది మేవే గదా” అని అరిచేది. నాతో మాట్లాడటానికి మాత్రం ఆమెకు మూడు వారాలు పట్టింది. ఒకరోజు అడక్కుండానే నా ముందు టీ గ్లాసు పెట్టింది.

మొదట భుజం లేచింది, తర్వాత మోచెయ్యి వంగింది. ఏడాది తిరిగేసరికి నాలుగు వేళ్ళూ మూసుకున్నాయి. బొటనవేలు మాత్రం రాలేదు. తాడు లాగగలడు, డింగీ చుక్కాని పట్టగలడు. ముడి వెయ్యలేడు, వల కుట్టలేడు.

మొదటి నెల నుంచే చేయించి ఉంటే ఆ వేలు వచ్చేదా అని డాక్టర్ని అడిగాను. చెప్పలేమన్నాడు. తొందరగా మొదలుపెడితే మంచిదే గానీ ఈ ఒక్క మనిషికి ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరన్నాడు. అవునో కాదో ఒక్కటి తేల్చమని ఆయన్ను బతిమాలాను. తేల్చలేదు. అవునంటే ఏడ్చేవాణ్ణి, కాదంటే నిద్రపోయేవాణ్ణి. నాకు రెండూ దొరకలేదు.

బావ ఇప్పుడు స్నేహితుడి డింగీలో వేటకు పోతున్నాడు. ఆదివారం ఆ స్నేహితుడు చర్చికి వెళ్తాడు కాబట్టి ఆ రోజు నేను వెళ్తాను. సముద్రం నాకు పడదు. రెండు అలలు తగిలితే చాలు, అంచు మీదికి వంగి కక్కుతాను.

“కక్కు, కక్కు. సేపలకీ ఆదోరం గదా” అంటాడు బావ.

కక్కడం అయ్యాక మూతి తుడుచుకుని ముడులు వేస్తాను. తాళ్ళు, గాలాలు, వల అంచులు, ఆయన చొక్కా గుండీలు కూడా. మొన్న చుక్కాని పట్టుకుని, ఆ బొటనవేలి వైపు చూసుకుంటూ అడిగాడు.

“ఇదింక వస్తాదంటావా?”

“తెలీదు బావా.”

“తెలీదా?”

“నిజంగా తెలీదు.”

బావ చుక్కాని తిప్పి, “అయితే ఇంటికెళ్ళాక శనగల పళ్ళెం తియ్యి” అన్నాడు.